గాలి సూది

పోయిన వారం గోపాలపట్నం పెట్రోలు బంకులో నా పరువు పోయింది. పెట్రోలు పట్టే ఆయన నా కారు ట్యాంకు మూత తీశాడు, గొట్టం పెట్టబోతూ ఆగిపోయాడు. మూతని వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. తరవాత నన్ను చూశాడు.

"ఏటమ్మా ఇది? మూతకి ఇంజక్షన్ సూది గుచ్చేసుందేటి?"

అవునండీ అని ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. నవ్వడం మొదలుపెట్టాను. మొదట ముసిముసిగా, తరవాత పొట్ట పట్టుకుని, ఆఖరికి స్టీరింగు మీద తల పెట్టేసి. తల ఆనింది హారన్ మీద. అది కుయ్యిమని మోగుతుంటే వెనక ఆటో ఆయన తననే తిడుతున్నాననుకుని తిరిగి హారన్ కొట్టాడు. బంకాయన మూత చేత్తో పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఉండనివ్వండి బాబూ, తియ్యకండి. అది మా అత్త గుచ్చింది," అన్నాను కళ్లు తుడుచుకుంటూ. ఆ ముక్కతో ఆయనకి ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం మా అత్త మొత్తం, ఆవిడ హ్యాండుబ్యాగుతో సహా, వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

అత్త పోయి ఏడాది కావస్తోంది. మా నాన్నకి అక్క. పెద్దాసుపత్రిలో నర్సు. పెళ్లి చేసుకోలేదు. "వార్డులో అంతమందిని సూసుకున్నాక ఇంటికొచ్చి ఇంకో పేషెంటునా?" అనేది. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క వీధిలో మాతోనే ఉండేది. నా చిన్నప్పుడే నాన్న పోయాక, అమ్మా నేనే ఆవిడతో ఉన్నామనడం సరైన మాట. వీధి వీధంతా ఆవిడని సిస్టరత్త అనేది, ఆవిడకన్నా పెద్దవాళ్లు కూడా.

ఆవిడకి ఒక అలవాటుంది. దేన్నైనా ముందు రెండు వేళ్లతో కొట్టి చూసేది. డాక్టర్లు ఛాతీ మీద కొట్టి వింటారే, అలాగ. పనసకాయని కొట్టేది, గ్యాసు బండని కొట్టేది, కొత్తగా కొన్న బీరువాని కొట్టేది. పరీక్ష తప్పి నేను ముసుగుతన్ని పడుకుంటే నా వీపు మీద కూడా టక్‌టక్‌మని కొట్టి, చెవి ఒగ్గి, "లోపలేం లేదు, గేసే. లెగు, అన్నం తిను," అంది.

ఇంక ఆవిడ మాట. ఆ మాట వినకుండా మా ఇంట్లో ఒక్కపూట గడిచేది కాదు. "గాలి సూది పెట్టేరా?"

దాని కథేమిటంటే, అత్త కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు సెలైను గాజు సీసాల్లో వచ్చేదట. సీసాని తలకిందులుగా వేలాడదీసి గొట్టం తగిలిస్తే చాలదు. గాలి లోపలికి పోయేందుకు ఇంకో సూది కూడా గుచ్చాలి. గుచ్చకపోతే కాసేపు చుక్కలు పడతాయి, తరవాత ఆగిపోతాయి. సీసా నిండుగానే ఉంటుంది, చుక్క మాత్రం రాదు. కొత్త పిల్లలు అది మరిచిపోయి గొట్టం మార్చి, చెయ్యి మార్చి, ఏడుపు మొహంతో నిలబడితే, అత్త వార్డు ఆ చివర నుంచి అరిచేది: "గాలి సూది పెట్టేరా?"

ఆ అరుపుని ఉద్యోగంతోపాటు వదిలెయ్యలేదు. కూర మీద మూత బిగిస్తే గాలి సూది పెట్టేరా. తలుపులన్నీ మూసి పడుకుంటే గాలి సూది పెట్టేరా. ఎదురింటి మొగుడూపెళ్లాలు కొట్టుకుంటే వెళ్లి మధ్యలో కుర్చీ వేసుకుని, "ఆ పిల్లని పుట్టింటికి రెండ్రోజులు పంపు నాయనా, దానికి గాలి సూది పెట్టాలి," అని తీర్పు చెప్పింది. ఆఖరి రోజుల్లో ఆవిడే ఆసుపత్రి మంచం మీద పడుకుని, సెలైను ఎక్కిస్తున్న పిల్లని అదే అడిగింది. "ఇప్పుడు ప్లాస్టిక్ సంచులు ఆంటీ, గాలి సూది అక్కర్లేదు," అందా పిల్ల. అత్త కాసేపు సంచీ వంక చూసి, "అయితే మరి నాకింకేటి పని?" అని కళ్లు మూసుకుని, మేమంతా కంగారుపడ్డాక ఒక కన్ను తెరిచి నవ్వింది.

మనుషుల్ని బాగుచేసిన చేతులు వస్తువుల్ని కూడా బాగుచేస్తాయని ఆవిడ గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి మా మిక్సీ బలైంది, ఇస్త్రీపెట్టె బలైంది. ఆవిడ విప్పి బిగించిన టేబుల్ ఫ్యాను మనకి గాలి ఇవ్వడం మాని మన దగ్గర గాలే లాక్కునేది. బిగించాక ప్రతిసారీ ఒకటో రెండో మరలు మిగిలిపోయేవి. వాటిని చూసి నొచ్చుకునేది కాదు. "కంపెనీవోడు మంచోడే, ఎక్కువిచ్చేడు," అని ఒక సీసాలో వేసేది. మెకానిక్‌కి చూపిద్దామంటే ఒప్పుకునేది కాదు. "ఆలకి సూపిత్తే లేని రోగాలన్నీ సెప్తారే! నాకు తెల్దా?"

ఇలాంటి మనిషి చేతికి ఒక కారు వచ్చింది, ఇప్పుడు నేను తోలుతున్న ఇదే. చిన్నది, తెల్లది, ఎవరో వాడి వదిలేసినది. తెల్లది అని కొన్న రోజున అన్నాం. మా వీధిలో తెల్లగా ఉండేది ఏముంది? పోర్టు నుంచి బొగ్గు దుమ్ము వచ్చి అన్నిటి మీదా కూర్చుంటుంది. పొద్దున్న ఆరేసిన బట్ట మధ్యాహ్నానికి బూడిద రంగు, కిటికీ మీద వేలు పెడితే వేలు నలుపు. అత్త ఆ దుమ్ముతో యుద్ధం చేసేది. తలుపుల కింద గుడ్డలు, కిటికీ సందుల్లో ప్లాస్టరు పట్టీలు. కారు వచ్చాక యుద్ధం ఇంకా ముదిరింది. "మన ముక్కుల్లోకి పోతే పోయిందిగానొలే, దీని ముక్కులోకి పోకూడదు," అని రోజూ కారుకి స్నానం చేయించేది.

ఆ రోజుల్లోనే నా పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు వాళ్లది పెందుర్తి, పెళ్లి వాళ్ల చర్చిలో. అంతా బాగానే ఉంది, ఒక్కదాని దగ్గర చిక్కు వచ్చింది. చర్చి గుమ్మం నుంచి బలిపీఠం దాకా పెళ్లికూతుర్ని చెయ్యి పట్టుకుని నడిపించేది ఎవరు? తండ్రి లేడు కాబట్టి పినతండ్రి నడిపించాలన్నాడు మా బాబాయి. ఆ పని కోసం కోటు కూడా కుట్టించేసుకున్నాడు. అత్త ఒప్పుకోలేదు.

"దీనికి పాలు పట్టింది నాను, పేలు దువ్వింది నాను. సెయ్యట్టుకోడానికి మాత్తరం నువ్వొత్తావేటి?"

"ఆడోలు నడిపించడం ఎక్కడైనా ఉందేటక్కా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వితే ఊపిరితిత్తులకి మంచిది."

నన్ను అడిగితే నాకు అత్తే కావాలి. నాన్న మొహం నాకు ఫోటోలోదే తప్ప తెలియదు. భయమేస్తే పట్టుకున్న చెయ్యి, జ్వరమొస్తే నుదుటి మీద ఉన్న చెయ్యి అత్తది. ఆ చెయ్యి లేకుండా ఆ నడవలో నడవడం నాకు ఇష్టం లేదని అందరి ముందూ చెప్పేశాను. బాబాయి మొహం చిన్నబోయింది. ఆయన చెడ్డవాడేం కాదు, కోటు కుట్టించేసుకున్నాడు అంతే. ఆఖరికి చెయ్యి గాల్లో ఊపి ఒక పందెం వేశాడు.

"సరే అక్కా. పిల్లని నీ డొక్కు కార్లో తెత్తానంతన్నావు కదా, తే. పదికల్లా సర్చి గుమ్మంలో ఉంటే నువ్వే నడిపించు. పదికి నువ్వు లేపోతే నాను."

"డొక్కా? నా కారు డొక్కా?" అంది అత్త. పందెం సంగతి ఆవిడ విన్నదో లేదో కూడా నాకు అనుమానమే. డొక్కు అన్న మాట మాత్రం విన్నది.

అందుకని పెళ్లి ముందురోజు కారు విప్పింది. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది, ఆపరేషనుకి ముందు కడుక్కున్నట్టు. పొద్దుట నుంచి తుడవడం, నూనె వెయ్యడం, రెండు వేళ్లతో కొట్టి వినడం. నేను గోరింటాకు చేతులు గాలికి ఆరబెట్టుకుంటూ మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. సాయంత్రం పెట్రోలు మూత విప్పి, "ఒలమ్మో!" అని కేక పెట్టింది.

"ఏమైందత్తా?"

"మూతకి కన్నవుందే! సూడు, సుట్టూ బొగ్గే. ఇక్కడ్నించే లోపలికి పోతంది దుమ్మంతా!"

"ఆ కన్నం కంపెనీవాళ్లే పెట్టారేమో."

"కంపెనీవోడిది ఈ ఊరేటి? ఈ బొగ్గు సంగతి ఆడికేటి తెల్సు?"

కన్నం మీద ప్లాస్టరు వేసింది. ఆ పైన నీళ్ల గొట్టాలకి పెట్టే సీలు ముద్ద పిసికి, చపాతీలా ఒత్తి మూతంతా కప్పేసింది. అది రాయిలా గట్టిపడ్డాక రెండు వేళ్లతో కొట్టి, విని, తృప్తిగా తలూపింది.

తెల్లారింది. చుట్టాలంతా బస్సులో వెళ్లిపోయారు, అమ్మ కూడా. బాబాయి పూలు కట్టిన కారులో, కోటు గుండీలు పెట్టుకుని, మాకు చెయ్యి ఊపి వెళ్లాడు. వెనక మేమిద్దరం. నేను తెల్ల పట్టుచీర, తల మీద ముసుగు, చేతిలో పూలగుత్తి. అత్త నీలం పట్టుచీర, కాళ్లకి వార్డు చెప్పులు. కారు మొదటి తిప్పుకే స్టార్టయింది. "డొక్కంట!" అంది అత్త.

కంచరపాలెం మెట్టు దాటుతుండగా కారు రెండుసార్లు వెక్కి, ఆగిపోయింది. అత్త దిగి బానెట్టు ఎత్తి, ప్లగ్గులు విప్పి, తుడిచి, బిగించి వచ్చింది. తాళం తిప్పితే స్టార్టయింది.

"సూసేవా? ప్లగ్గు!"

ఎన్.ఏ.డి. జంక్షను దగ్గర మళ్లీ వెక్కింది, ఆగింది. ఈసారి తలలోంచి పిన్ను తీసి బ్యాటరీ మొనలు గీకింది. స్టార్టయింది.

"సూసేవా? ప్లగ్గు కాదే, బేటరీ!"

గోపాలపట్నం మొదట్లో మళ్లీ ఆగింది. అత్త బానెట్టు మీద రెండు చేతులూ పెట్టి, రోడ్డంతా వినేలా ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, ఈ కారుని నీ సేతుల్లో పెడతన్నాను. పదిలోపు మళ్లీ నా సేతుల్లో పెట్టీ తండ్రీ." ఆమెన్ అని తాళం తిప్పింది. స్టార్టయింది! అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సూసేవా? ముందు సెయ్యాల్సింది ఆఖర్న సేసేను. బుద్ధి లేదు నాకు."

నేను కూడా హల్లెలూయా అన్నాను. బజారు మధ్యకి వచ్చేసరికి వెక్కి వెక్కి మళ్లీ ఆగింది. సరిగ్గా చేపలమ్మే ఆవిడ గొడుగు ముందు. ప్రార్థనలో కూడా తప్పు దొర్లిందా అన్నట్టు అత్త పైకి చూసింది.

అప్పుడే బాబాయి ఫోను. స్పీకర్లో వినిపిస్తూనే ఉంది. "ఎక్కడున్నారక్కా? నాను గుమ్మంలో నిలబడ్డాను. పాస్టరయ్యగారు గడియారం సూత్తన్నారు."

"మలుపు తిరిగితే సర్చేరా, వచ్చేత్తన్నాం," అని పచ్చి అబద్ధం చెప్పి, పెట్టేసి, నా వంక చూసింది. ఆవిడ మొహంలో నవ్వు లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. పెళ్లికొడుకు ఎక్కడికీ పోడు, పెళ్లి ఎలాగూ అవుతుంది. కానీ ఆ నడవలో అత్త చెయ్యి ఉండదు. అదొక్కటే నా బాధ.

చేపలావిడ గొడుగు తెచ్చి నా నెత్తిన పట్టింది. "ఒలమ్మ, పెళ్లికూతుర్ని ఎండలో నిలబెట్టీసేరేటి? కారులో పెట్రోలుందా అసలు?"

"పెట్రోలు లేకుండా పెళ్లికెల్తామా?" అత్తకి కోపం వచ్చింది. "రా, సూపిత్తాను!"

చేపలావిడకి చూపించడానికని వెళ్లి మూత తిప్పింది. తిరగలేదు. లోపల ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు బిగుసుకుపోయింది. కొంగు చుట్టి, పళ్లు బిగబట్టి, ఒక్క తిప్పు తిప్పింది.

హుస్స్స్స్...

చాలాసేపు నీళ్లలో మునిగిన మనిషి పైకి తేలి ఊపిరి పీల్చుకున్నట్టు, ఆ ట్యాంకు గాలి పీల్చుకుంది.

అత్త అలాగే ఉండిపోయింది. మూత ఒక చేతిలో, రెండో చేతి రెండు వేళ్లు గాల్లో. తరవాత మెల్లగా, పట్టుచీరతో, రోడ్డు అంచున కూలబడింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. బీపీ ఎక్కువైందనుకున్నాను. వంగి చూస్తే భుజాలు ఎగురుతున్నాయి. నవ్వుతోంది!

"గాలి సూది పెట్టలేదే!" అంది ఊపిరాడక. "ఊరందర్నీ అడిగేను గాని, నానే... నానే పెట్టలేదే!"

ఒక్క క్షణం పట్టింది నాకు. పెట్రోలు ట్యాంకు, సెలైను సీసా. నిండుగా ఉంది, చుక్క రాదు. ప్లగ్గు తుడిచినంతసేపూ, ప్రార్థన చేసినంతసేపూ ఎక్కడో సందులోంచి కాస్త గాలి దూరేది, బండి కాస్త నడిచేది. ఆ కాస్తసేపట్లో మేం ఏం చేస్తే అదే మందనుకున్నాం. ఇంక నేను ఆగలేదు. ముసుగుతో సహా ఆవిడ పక్కన కూలబడి నవ్వాను. కాటుక చెంపల మీదకి వచ్చేసింది. ఏం జరిగిందో తెలియని చేపలావిడ కూడా గొడుగు ఊపుతూ మాకన్నా గట్టిగా నవ్వింది.

"మూత తీసేసి పోదాం పద అత్తా!"

అత్త టక్కున నవ్వు ఆపింది. "తీసేత్తే? బొగ్గు పోదూ లోపలికి?"

హ్యాండుబ్యాగులో చెయ్యి పెట్టింది. అందులో కత్తెర, దూది, స్క్రూడ్రైవరు, పిప్పరమెంట్లు, చిన్న బైబిలు అన్నీ కలిసి కాపురం చేసేవి. అట్టడుగున కాగితం విప్పని లావుపాటి సూది దొరికింది. సీలు ముద్ద మీద ఆనించి నొక్కితే దిగలేదు. చేపలావిడ తన తూకం రాయి ఇచ్చింది. కొట్టింది అత్త, టంగు టంగుమని, బజారంతా ఆగి చూసేలా. సూది ముద్దలోంచి, ప్లాస్టరులోంచి, కంపెనీవాడు పెట్టిన కన్నంలోంచి లోపలికి దిగింది. దాని నెత్తి మీద చిన్న దూది పెట్టి ప్లాస్టరు వేసింది. గాలి పోవాలి, బొగ్గు పోకూడదు.

ఆ తరవాత ఆ కారు వెక్కితే ఒట్టు. అత్త తోలిన తోలుడుకి నా పూలగుత్తిలో సగం పూలు రాలిపోయాయి.

చర్చి ముందు ఆగేసరికి లోపల అందరూ లేచి నిలబడి ఉన్నారు. గుమ్మంలో బాబాయి, కోటు జేబులో గులాబీ. అయ్యగారు గడియారం చూసి, "ఇంకా పది కాలేదు," అన్నారు. అత్త గెలిచింది. మోచెయ్యి చాపుతూ నా దగ్గరకి వచ్చింది.

"ఆ సేతులేటక్కా?" అన్నాడు బాబాయి.

అప్పుడు చూసుకుంది. వేళ్ల నుంచి మోచేతుల దాకా నలుపు. గ్రీజు, బొగ్గు, బ్యాటరీ మసి. నాది పాలలాంటి తెల్ల చీర. ఆపరేషనుకి కడుక్కున్నట్టు చేతులు కడుక్కునే మనిషి, కడుక్కోడానికి నిమిషం లేని చోట, ఆ చేతుల్ని వెనక్కి దాచుకుంది.

"సీర పాడైపోద్దే అమ్మీ," అంది. గొంతు చిన్నదైపోయింది. "బాబాయితో ఎల్లిపో. నాను ఎనకాల్నే వత్తాను."

ఆవిడ వీపు వెనక్కి చెయ్యి పోనిచ్చి, ఆ నల్లటి చేతిని లాగి, నా మోచేతిలోకి దూర్చుకుని గట్టిగా నొక్కి పట్టుకున్నాను. అయిదు వేళ్లూ అచ్చు పడ్డాయి తెల్ల పట్టు మీద. బాబాయి పక్కకి తప్పుకున్నాడు. జేబులో గులాబీ తీసి అత్త కొప్పులో పెట్టాడు.

నడిచాం. వార్డు చెప్పులు టపటపమంటున్నాయి. రెండు వైపులా జనం మొదట గుసగుస, తరవాత కిసకిస. నా కాటుక చెంపల మీద, ఆవిడ మసి నా చీర మీద. మా ఆయన, అప్పటికింకా కాబోయే ఆయన, మమ్మల్ని చూసి నవ్వాపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అయ్యగారు పుస్తకం తెరిచి గంభీరంగా అడిగారు. "ఈ స్త్రీని ఈ పురుషునికి ఇచ్చువారెవరు?"

నడిపించి తెచ్చినవాళ్లు 'నేను' అని మెల్లగా అనాలి. అత్త వార్డు ఆ చివరికి వినపడే గొంతుతో చెప్పింది.

"నానే! ఇంకెవులు?"

చర్చి చర్చంతా పగలబడి నవ్వింది. అందరికన్నా వెనక నుంచి, గట్టిగా, బాబాయి. అయ్యగారు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు, ఆయన భుజాలు కూడా ఎగురుతున్నాయి. నేను మాత్రం ఆ చెయ్యి వదిలి పెళ్లికొడుకు వైపు ఒక్క అడుగు వెయ్యాలి, వెయ్యలేకపోతున్నాను.

అత్త నా వీపు మీద రెండు వేళ్లతో టక్‌టక్‌మని కొట్టింది. చెవి ఒగ్గి వింది. మెల్లగా చెప్పింది:

"స్టార్టయ్యిందే. ఇంక ఆగదు. ఎల్లు."